వెనక్కి ఒక చుట్టు

ముందు చల్లారనీ.
ఇంజను మీద అరచెయ్యి పెడితే
చెయ్యి ఓర్చుకోవాలి, అంతవరకూ ముట్టుకోవద్దు.
టీ తాగొచ్చు. కంచరపాలెం గేటు పడితే
పోర్టు వైపు పోయే గూడ్సు పెట్టెలు లెక్కపెట్టొచ్చు.
నిన్న యాభై ఎనిమిది.

వేడి మీద అల్యూమినియం
అప్పుడే ఉడికిన చామదుంప.
ప్లగ్గు మాత్రం ఉక్కు.
మెత్తనిదాన్లో గట్టిది బిగుసుకు కూర్చున్నప్పుడు
తొందరపడి లాగినవాడిదే తప్పు.

దేముడు బాబాయి ఈ మాట చెప్పేనాటికి
నాకు పదిహేడు.
చెవులున్నాయి గాని వాటినిండా
జగదాంబలో ఆడే సినిమాలే.

మైలపిల్లి దానమ్మ వ్యాను వచ్చిందారోజు.
హార్బరు నుంచి గోపాలపట్నం బజారుకి
కవళ్లు, పారలు, ఐసు మోసే బండి.
సీటు ఎత్తితే కింద ఇంజను, ఇంకా సెగలు కక్కుతోంది.
"బేగి కానీ బాబూ, ఐసు కరిగిపోతంది" అంది.
బేగి కానిచ్చాను.

మూడో ప్లగ్గుతో పాటు మర కూడా ఊడొచ్చింది.
వెండిదారం లాంటి మెలిక
ప్లగ్గు మెడకి చుట్టుకుని, మెరుస్తూ.
అంత అందమైన తప్పు
అంతకుముందు నేను చెయ్యలేదు.

బాబాయి తిట్టలేదు.
కళ్లద్దాలు నుదుటి మీదకి తోసి
ఆ తీగముక్క నా అరచేతిలో పెట్టాడు.
"ఇది ఎవులిది? దానమ్మది. నువ్వే ఎల్లి సెప్పు."

చెప్పాను.
ఆమె నా ముఖం చూడలేదు.
చేపల పెట్టెల కింద నుంచి కారి
రోడ్డు దాటి కాలవలోకి పోతున్న
ఎర్రనీళ్లనే చూసింది.
"వలకి ఒక్క కన్ను తెగితే సాలు, సేప పోడానికి.
మరి అతుకేసే సూది మీ కాడ లేదేటి?"

ఉంది.
మర్నాటి సాయంత్రానికి డాబాగార్డెన్స్‌లో దొరికింది:
స్ప్రింగు లాంటి ఉక్కు తీగచుట్ట.
తురుము లోపల పడకుండా ట్యాపుకి గ్రీజు పూసి
పావు చుట్టు ముందుకి, అర చుట్టు వెనక్కి
కొత్త మర కోశాడు బాబాయి,
తీగచుట్టని దాన్లోకి దించాడు.
నేను టార్చి పట్టుకున్నాను.
ఆ రెండు రోజులూ ఆమె సరుకు మోసిన ఆటో కిరాయి
నా జీతంలోంచి పోయింది. పోవాలి కూడా.

ఇప్పుడు షెడ్డు నాది.
ఈ ఊళ్లో సముద్రం ముట్టుకోనిది లేదు.
ఉప్పుగాలి ప్లగ్గు చుట్టూ తెల్లపొడై కూర్చుంటుంది,
దాని మీద పోర్టు దుమ్ము, నల్లగా.
విప్పకముందే గాలి కొట్టి ఊదెయ్యాలి,
విప్పాక ఊదితే సిలిండరు మింగుతుంది.
పావు చుట్టు వదులు చేసి ఆగు.
నూనె బొట్టు వెయ్యి. కాస్త బిగించు. మళ్లీ వదులు.
కీచుమంటోందా,
అది బతిమాలుకోవడం. విను.

ఎక్కించేటప్పుడు పానా దూరంగా పెట్టు.
జానెడు పెట్రోలు గొట్టం
ప్లగ్గు తలకి తొడిగి వేళ్లతో తిప్పు.
మర తప్పిందంటే గొట్టమే జారిపోతుంది.
బలం లేకపోవడమే దాని పనితనం.

మొదట ఎడమకి, విప్పుతున్నట్టే.
వెనక్కి వెనక్కి తిరుగుతూ ఒకచోట
టిక్‌మని చిన్నగా దిగుతుంది,
చీకట్లో మెట్టు దొరికిన పాదంలా.
అక్కణ్ణించి కుడికి.
వాషరు ఆనాక, కొత్తదైతే అర చుట్టు,
పాతదైతే పావుకే చాలించు.
ఇంకొంచెం అనిపిస్తుంది చేతికి.
ఆ ఇంకొంచెమే నా పదిహేడో ఏడు.

నిన్న దానమ్మ వ్యాను మళ్లీ వచ్చింది.
నడిపేది ఆమె కోడలు నూకాలు.
మూడో గుంతలో ఆ ఉక్కు తీగ అలాగే ఉంటుంది,
మిగతా రెంటికంటే గట్టిగా.
"బేగి కానీ అన్నయ్యా, ఐసు..."

సీటెత్తి చెయ్యి పెట్టి చూశాను.
"పెట్టెలు నీడకి లాగుదాం పట్టు" అన్నాను.
"టీ తాగుతావా?"

గేటు పడింది.
ఒకటి, రెండు, మూడు.